ఒకే నేరం, ఇద్దరి కథలు: జంట థ్రిల్లర్ చిత్రాలకు స్క్రిప్టు ఎలా సిద్ధం చేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. ఒక యువతి అపహరణకు గురవుతుంది. ఆ కేసును దర్యాప్తు చేసే అధికారిణి వైపు నుంచి ఒక సినిమా, అపహరించిన వ్యక్తి వైపు నుంచి ఇంకొక సినిమా తీయాలన్నది మీ ఆలోచన. కథ ఒక్కటే, రోజులు అవే, చివరికి ఇద్దరూ ఎదురుపడే చోటూ ఒక్కటే. మీరు అడిగినవి మూడు: ముగింపు తెలిసిపోయాక రెండో సినిమాను ప్రేక్షకుడు ఎందుకు చూస్తాడు, రెండింటిలో ఏది ముందు రావాలి, ఏ క్రమంలో చూసినా అర్థమయ్యేలా రాయడం సాధ్యమేనా.

సాధ్యమే. అయితే దానికి ఒక గట్టి షరతు ఉంది. మొదటి సినిమా అడగని ప్రశ్న ఒకటి, మొదటి సినిమా చూపని ముగింపు ఒకటి రెండో సినిమాకు ఉండి తీరాలి. ఈ రెండూ దొరకకపోతే మీ దగ్గర ఉన్నది ఒక్క సినిమాకు సరిపడే కథే అనుకోవాలి; దాన్ని రెండు దృక్కోణాలున్న ఒకే సినిమాగా తీయడం మేలు. క్రమం విషయానికొస్తే, తక్కువ తెలిసిన పాత్ర సినిమా ముందు రావాలి, ఎక్కువ తెలిసిన పాత్ర సినిమా తరువాత రావాలి. ఈ రెండింటితో పాటు మరొక మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను: రెండు స్క్రిప్టులూ చివరి సీను దాకా పూర్తి కాకుండా మొదటి సినిమా షూటింగుకు వెళ్ళకండి. నేను చాలా ఏళ్లుగా స్క్రీన్‌ప్లేలు రాస్తూ, ఇతరుల స్క్రిప్టులను సరిచూస్తూ పనిచేస్తున్నాను. ఇకపై చెప్పేవన్నీ ఆ పనిలో నాకు కుదిరిన అభిప్రాయాలు.

ముగింపు తెలిసిపోవడం గురించి ముందు మాట్లాడుకోవాలి, ఎందుకంటే తక్కినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. థ్రిల్లర్‌లో ప్రేక్షకుణ్ణి కదలకుండా కూర్చోబెట్టేవి ప్రధానంగా రెండు. జరిగిపోయినదేమిటో తెలియకపోవడం మొదటిది: ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఆమె ఎక్కడుంది. ముంచుకొస్తున్న ప్రమాదం మనకు కనిపిస్తూనే ఉండి, అది పాత్రకు తెలియకపోవడం రెండోది. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రూఫోతో జరిపిన సంభాషణల్లో థ్రిల్లర్ చిత్రాల దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ బల్ల కింది బాంబు ఉదాహరణతో వివరించిన తేడా ఇదే: బాంబు ఉన్నట్టు మనకు తెలియకపోతే అది పేలినప్పుడు కొన్ని క్షణాల ఉలికిపాటు మాత్రమే కలుగుతుంది, ముందే తెలిస్తే ఆ బల్ల దగ్గర సాగే మామూలు కబుర్లు కూడా నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టి వింటాం. జంట చిత్రాల్లో మొదటిది ఆ మొదటి రకం ఉత్సుకతను పూర్తిగా వాడేసుకుంటుంది. రెండోదానికి అందులో ఏమీ మిగలదు. కాబట్టి రెండో సినిమా ఆసాంతం ఆ రెండో రకమైన ఉత్కంఠ మీదే నిలబడాలి, ప్రేక్షకుడికి ముగింపు తెలిసి ఉండడమే దానికి బలమయ్యేలా కథను మలచుకోవాలి.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో నేను పనిచేసిన ఒక జంట స్క్రిప్టు ఆధారంగా చెబుతాను. అందులో మొదటి కథ ఒక బీమా దర్యాప్తుదారుది, రెండో కథ బీమా సొమ్ము కోసం సొంత ఇంటిని తగలబెట్టిన యజమానిది. మొదటి కథ బాగా నడిచింది. నిప్పు ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు అన్న ప్రశ్నలే దాన్ని చివరిదాకా లాక్కుపోయాయి. రెండో కథ తొలి ప్రతిలో యజమాని అప్పులపాలు కావడం, పథకం వేయడం, ఇల్లు తగలబెట్టడం, పట్టుబడడం వరుసగా ఉండేవి. చదివిన ప్రతి ఒక్కరూ అన్నీ తెలిసినవే కదా అన్నారు. అప్పుడు మొదటి కథలోనే ఉన్న ఒక వాస్తవం మా కళ్ళబడింది. ఆ రాత్రి మేడ మీది గదిలో ఒక మనిషి నిద్రపోతూ మంటల్లో చనిపోయాడు. ఆ విషయం దర్యాప్తుదారుకు మొదటి రోజే తెలుసు, మొదటి సినిమా ప్రేక్షకుడికీ తెలుసు. నిప్పు పెట్టేటప్పుడు మేడ మీద మనిషి ఉన్నాడన్న సంగతి యజమానికి మాత్రం తెలియదు. ఈ ఒక్క అంశాన్ని పట్టుకునేసరికి రెండో కథ పూర్తిగా మారిపోయింది. అతడు తాళం వేయడం, కిటికీలు మూయడం, నూనె పోయడం, ఇవన్నీ అంతకు ముందు పథకంలోని అంచెలు మాత్రమే. ఇప్పుడు వాటిలో ప్రతిదీ చూడలేనంత భయంకరంగా తయారైంది. ఇతడికి ఎప్పుడు తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తాడు అన్నది రెండో సినిమా ప్రశ్న అయింది.

ముగింపు కూడా అక్కడి నుంచే దొరికింది. మొదటి సినిమాలో ఒక రసీదు ముక్క ఆధారంగా దర్యాప్తుదారు అతణ్ణి పట్టుకుంటాడు. అది దర్యాప్తుదారు తెలివికి దక్కిన గెలుపుగా సినిమా ముగుస్తుంది. రెండో సినిమాలో, మనిషి చనిపోయాడని తెలిశాక నిద్రకు దూరమైన యజమాని, తనంతట తాను ఒప్పుకునే ధైర్యం లేక, ఎవరైనా పట్టుకుంటే బాగుండునని ఆ రసీదును కావాలనే అక్కడ వదిలి వస్తాడు. మొదటి సినిమాలో ఒక్క వాస్తవం కూడా తప్పు కాలేదు. అయినా రెండోది చూశాక మొదటిది మునుపటిలా కనిపించదు. జంట చిత్రాలు తీయడానికి నాకు తెలిసిన సరైన కారణం ఇదొక్కటే.

మీ కథలోనూ అలాంటి అంశం కోసం వెతకండి. అధికారిణికి తొలి రోజు నుంచే తెలిసి, అపహరించిన వ్యక్తికి తెలియనిది ఏమైనా ఉందా? ఆ యువతికి ప్రాణాంతకమైన జబ్బు ఉండి, వేళకు మందు అందకపోతే బతకదన్న సంగతి కావచ్చు. డబ్బు ఇస్తానన్న తండ్రి దగ్గర నిజానికి చిల్లిగవ్వ లేదన్న సంగతి కావచ్చు. అలాంటిది ఒక్కటి ఉన్నా రెండో సినిమా మొదటి నిమిషం నుంచే ప్రేక్షకుడి గుండెలో దడ మొదలవుతుంది.

దీనితో ముడిపడిన ఇంకొక సంగతి ఉంది. రెండు సినిమాలూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగియకూడదు. దర్యాప్తు ఫిర్యాదుతో మొదలవుతుంది, నేరం అంతకు చాలా ముందు మొదలవుతుంది. దర్యాప్తు అరెస్టుతో ముగియవచ్చు, నేరస్థుడి కథ అరెస్టు తరువాతే అసలు తీవ్రతను అందుకోవచ్చు. మీ ఇద్దరు పాత్రలూ ఎదురుపడే ఘట్టం రెండు సినిమాల్లోనూ పతాక సన్నివేశంగా ఉండాలని మీరు అనుకుంటున్నట్టుంది. నా సలహా అయితే అధికారిణి సినిమాలో దాన్ని చివర పెట్టి, రెండో సినిమాలో నాలుగింట మూడు వంతులు గడిచేసరికే తెచ్చేయమంటాను. ముగింపు అనుకున్నది వచ్చేశాక కూడా సినిమా ఇంకా మిగిలి ఉందని గ్రహించిన ప్రేక్షకుడు నిటారుగా కూర్చుంటాడు, ఎందుకంటే అక్కడి నుంచి అతడికి తెలిసినదేమీ లేదు.

ఇక క్రమం. అధికారిణికి తక్కువ తెలుసు, అపహరించిన వ్యక్తికి ఎక్కువ తెలుసు. ఆమె సినిమా ముందు వస్తే ప్రేక్షకుడు ఆమెతో సమానంగా తెలుసుకుంటూ వెళ్తాడు, రెండో సినిమాలో ఆమెకు అందని లోపలి సంగతులు చూస్తాడు. దీన్ని తిరగవేస్తే ఏమవుతుందో ఆలోచించండి. నేరస్థుడి సినిమా చూసి వచ్చిన ప్రేక్షకుడికి యువతి ఎక్కడుందో, ఎవరు దాచారో అన్నీ తెలుసు. అధికారిణి రెండు గంటల పాటు వాటి కోసమే వెతుకుతుంటే, తనకు తెలిసిన జవాబును ఆమె ఎప్పుడు కనుక్కుంటుందా అని అతడు గడియారం చూసుకుంటాడు. పాత్ర ప్రేక్షకుడికన్నా వెనకబడి ఉండడం కాసేపు ఆసక్తిగానే ఉంటుంది, సినిమా అంతా అలాగే ఉంటే ఆ పాత్ర మీద గౌరవం పోతుంది. అధికారిణి తానే ఏదైనా దాస్తుంటే, ఆమెకు ఆ కుటుంబంతో పాత సంబంధమో, ఆ కేసు తేలకపోతేనే ఆమెకు మేలు జరిగే పరిస్థితో ఉంటే, అప్పుడు మాత్రం ఆమె సినిమాను రెండోదిగా పెట్టవచ్చు. ఎందుకంటే అప్పుడు ఎక్కువ తెలిసిన పాత్ర ఆమే అవుతుంది.

క్రమానికి అతీతంగా నిలిచే మార్గం కూడా లేకపోలేదు. బెల్జియన్ దర్శకుడు లూకా బెల్వో 2002లో వచ్చిన తన చిత్రత్రయంలో ఒకే కాలంలో ఒకే మనుషుల మధ్య జరిగే సంగతులను మూడు సినిమాలుగా చెప్పాడు: ఒకటి థ్రిల్లర్, ఒకటి హాస్య చిత్రం, మరొకటి విషాద చిత్రం. ఒక సినిమాలో పక్కన కనిపించి వెళ్ళిపోయే పాత్ర మరొక సినిమాలో ప్రధాన పాత్ర అవుతుంది. ప్రతి సినిమాకూ తనదైన రసం ఉండడం వల్ల ఉమ్మడి సన్నివేశాలు మళ్ళీ వచ్చినా మళ్ళీ చూస్తున్నట్టు అనిపించదు. మీ రెండూ థ్రిల్లర్లే కావాలన్నది మీ నిర్ణయం కాబట్టి అంత దూరం వెళ్ళక్కర్లేదు. అయినా ఒకటి పరిశోధనగా, మరొకటి తప్పించుకోలేని ఉచ్చుగా నడిస్తే రెండూ థ్రిల్లర్లుగానే ఉంటూ వేరు వేరు రుచులతో ఉంటాయి.

రాతలోకి దిగే ముందు చేయవలసిన పని ఒకటుంది, చాలామంది దీన్ని దాటవేస్తారు. స్క్రిప్టులకన్నా ముందు నిజం పట్టిక రాయండి. ఏ కెమెరాతోనూ, ఏ పాత్ర దృక్కోణంతోనూ సంబంధం లేకుండా నిజంగా ఏం జరిగిందో కాలక్రమంలో రాసుకునే పట్టిక ఇది. మామూలు రోజులకు పూటల వారీగా రాస్తే చాలు. నేరం జరిగిన రోజుకూ చివరి రోజుకూ మాత్రం నిమిషాల వారీగా రాయాలి. ప్రతి వరుసలోనూ ఎవరు ఎక్కడున్నారు, ఏం చేశారు అన్నవి సరే, వాటి పక్కన ప్రతి పాత్రకూ రెండు గళ్ళు ఉండాలి: అప్పటికి ఆ పాత్రకు ఏం తెలుసు, ఆ పాత్ర దేన్ని నమ్ముతోంది. తెలిసినదీ నమ్మేదీ వేరయ్యే చోటల్లా మీకొక సన్నివేశం దొరుకుతుంది. ఉదాహరణకు, అధికారిణి ఒక డ్రైవరే దోషి అని నమ్మి మూడు రోజులు అతడి వెంట తిరిగితే, ఆ మూడు రోజులూ అపహరించిన వ్యక్తి ఆమె తనను చుట్టుముడుతోందని నమ్మి బెదిరి చోటు మార్చవచ్చు. ఒకరి పొరపాటు మరొకరికి భయంగా పరిణమించడం, ఆ భయంతో చేసిన పని మళ్ళీ మొదటివారికి ఆధారంగా దొరకడం, ఇలాంటి అల్లిక పట్టిక లేకుండా తలలో పెట్టుకుని రాయడం ఎవరి వల్లా కాదు.

ఈ పట్టికలో ఫోన్లకు ప్రత్యేకంగా ఒక గడి పెట్టుకోండి. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఫోన్ ఎక్కడ ఆగిపోయింది అన్నవి నేటి నేరకథలో వెన్నెముక వంటివి. రెండు సినిమాల్లో వాటి వేళలు కలవకపోతే శ్రద్ధగా చూసే ప్రేక్షకుడు వెంటనే పట్టేస్తాడు.

తరువాత తేల్చుకోవలసింది, రెండు సినిమాల్లోనూ వాస్తవాలు ఒకటేనా, లేక ఎవరి జ్ఞాపకం వారిదా అన్నది. 1950లో వచ్చిన జపాన్ దర్శకుడు అకిరా కురొసావా ‘రషోమోన్’ తరువాత ఒకే సంఘటనకు పొసగని కథనాలు చెప్పే పద్ధతి అందరికీ పరిచయమైంది. అయితే అందులో ఆ కథనాలన్నీ ఎవరో ఒకరు ఇచ్చే వాంగ్మూలాలు, పైగా ఒకే సినిమాలో పక్కపక్కనే ఉంటాయి. మాట్లాడేవారు అబద్ధమాడి ఉండవచ్చన్న సంగతి ప్రేక్షకుడి మనసులో ఎప్పుడూ మెదులుతూనే ఉంటుంది. నెలల తేడాతో చూసే రెండు సినిమాల్లో, ఎవరూ చెబుతున్నట్టు కాకుండా కెమెరా నేరుగా చూపిన సంగతులు మారిపోతే, ప్రేక్షకుడు దాన్ని దృక్కోణ భేదంగా తీసుకోడు. తనను మోసం చేశారనో, తీసినవాళ్ళకే గుర్తులేదనో అనుకుంటాడు.

నెడ్ బెన్సన్ తీసిన ‘ది డిసప్పియరెన్స్ ఆఫ్ ఎలెనార్ రిగ్బీ’ జంట చిత్రాలు 2013లో టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శితమయ్యాయి. విడిపోయిన దంపతుల కథను భర్త వైపు నుంచి ఒకటి, భార్య వైపు నుంచి ఒకటి చెబుతాయి; ఇద్దరూ కలిసి ఉన్న సన్నివేశాల్లో చిన్న చిన్న వివరాలు ఒకదానికీ మరొకదానికీ తేడాగా ఉంటాయి. శోకంలో ఉన్న ఇద్దరి జ్ఞాపకాల కథకు అది నిండుగా ఒప్పింది. థ్రిల్లర్‌లో అదే పని చేస్తే ఇబ్బంది పడతారు, ఎందుకంటే థ్రిల్లర్ ప్రేక్షకుడు ప్రతి చిన్న వివరాన్నీ క్లూగా చూస్తాడు. మొదటి సినిమాలో నీలం చొక్కా వేసుకున్నవాడు రెండో సినిమాలో తెల్ల చొక్కాతో కనిపిస్తే, జ్ఞాపకం మసకబారిందని అతడు అనుకోడు. బట్టలు ఎందుకు మార్చుకున్నాడని సినిమా అంతా వెతుకుతాడు. అందుకే మీ కథకు నేను చెప్పేది కఠినమైన నియమమే: పలికిన మాటలు, చేసిన పనులు, వస్తువులు, వేళలు రెండు సినిమాల్లోనూ ఒకటిగా ఉండాలి. ఆ మాట పలికిన గొంతులోని భావం, ఎవరు దేన్ని గమనించారు, ఎవరు దేన్ని గమనించలేదు అన్నవి మాత్రమే మారవచ్చు. అబద్ధం చెప్పాలంటే అది ఒక పాత్ర నోట చెప్పించండి. కెమెరా చేత చెప్పించకండి.

ఇప్పుడు ఉమ్మడి సన్నివేశాలు. జంట చిత్రాల పేరు చెప్పగానే అందరూ ముందు వీటినే ఊహించుకుంటారు, ఎక్కువగా రాసేసి చెడగొట్టుకునేదీ వీటినే. 120 నిమిషాల సినిమాలో ఇవి 20 నిమిషాలకు మించకూడదన్నది నా అభిప్రాయం. మించితే ప్రేక్షకుడికి చూసిన సినిమానే మళ్ళీ చూస్తున్న భావన కలుగుతుంది. వాటిలో ప్రతిదానికీ నేనొక పరీక్ష పెడతాను: ఈ సన్నివేశం రెండు సినిమాల్లో వేరు వేరు క్షణాల్లో మొదలై వేరు వేరు క్షణాల్లో ముగుస్తోందా? ఉదాహరణకు అధికారిణి విచారణ కోసం అతడి ఇంటికి వచ్చే ఘట్టం తీసుకోండి. ఆమె సినిమాలో అది తలుపు తట్టడంతో మొదలవుతుంది. అతడు మర్యాదగా మాట్లాడతాడు, నీళ్ళు ఇస్తాడు, ఆమె అనుమానం తీరకుండానే వెళ్ళిపోతుంది. అతడి సినిమాలో అది తలుపు చప్పుడుకు పది నిమిషాల ముందు, లోపలి గదిలో యువతితో మొదలవుతుంది. అధికారిణి లోపల కూర్చుని అడిగే ప్రశ్నలు మనకు ఇదివరకే తెలుసు కాబట్టి వాటిని మూడో వంతుకు కుదించవచ్చు. కెమెరా అతడి చేతి మీదా, మూసిన తలుపు మీదా ఉంటుంది. ఆమె వెళ్ళిపోయాక కూడా సన్నివేశం సాగుతుంది, అసలు ఘట్టం అక్కడే ఉంటుంది.

ఫోన్ సంభాషణలు ఈ విషయంలో గొప్ప సాధనాలు. మొదటి సినిమాలో ఒక వైపు మాటలే వినిపించి, రెండో సినిమాలో అవతలి వైపు మాటలు వినిపిస్తే, ఒక్క అక్షరం మార్చకుండానే అర్థం తలకిందులు కావచ్చు. ఇంకా చెప్పాలంటే, అవతలి మనిషి ఏమీ మాట్లాడకుండా వింటూ ఉండిపోయిన ఫోన్ అన్నిటికన్నా బలమైనది. మొదటి సినిమాలో ఆ మౌనం బెదిరింపుగా వినిపిస్తుంది. రెండో సినిమాలో, మాట పెగలక నిలబడిపోయిన మనిషి కనిపిస్తాడు.

ధ్వని గురించి రచయితలు చాలా తక్కువ ఆలోచిస్తారు, అందుకే ఒక మాట. మొదటి సినిమాలో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ఒక శబ్దం వినిపించి, రెండో సినిమాలో దాని మూలం కనిపిస్తే, వివరణ అవసరం లేకుండా రెండు సినిమాలూ అతుక్కుంటాయి. ఆ శబ్దాన్ని స్క్రిప్టులోనే రాసుకోవాలి, షూటింగ్ నాడే విడిగా రికార్డు చేసుకోవాలి, రెండు సినిమాల్లోనూ అదే రికార్డింగ్ వాడాలి. కెమెరా విషయంలో ఛాయాగ్రాహకుడితో ముందే కూర్చుని, ఉమ్మడి సన్నివేశాల్లో ఇద్దరి మధ్య గీసే ఊహారేఖకు ఏ వైపు నుంచి ఏ సినిమాకు షాట్లు తీయాలో నిర్ణయించుకోండి. సాధారణంగా ఒక సన్నివేశంలో కెమెరా ఆ రేఖ దాటకూడదంటారు. జంట చిత్రాల్లో ఒక్కో సినిమా దానికి ఒక్కో వైపు నిలబడితే, అదే గది అయినా ఎడమకుడులు మారి కొత్తగా కనిపిస్తుంది, నియమమూ చెడదు.

వ్యతిరేక దృక్కోణాలు అన్నప్పుడు మరొక విషయంలో జాగ్రత్త పడాలి. నేరస్థుడి సినిమా అతడి నేరానికి సంజాయిషీగా మారకూడదు. బాల్యంలో పడ్డ కష్టాలు, సమాజం చేసిన అన్యాయం ఏకరువు పెట్టి అతణ్ణి అమాయకుణ్ణి చేస్తే, మొదటి సినిమాలో మనం అధికారిణితో నడిచిన నడకంతా వృథా అవుతుంది. ఆ అపహరణకు గురైన యువతి బాధ అప్పుడు ఎవరికీ పట్టనిదైపోతుంది. అతడు చేసింది తప్పే. అయినా అతడు నిలబడిన చోటి నుంచి చూస్తే తరువాతి అడుగు అదొక్కటే కనిపించింది. ప్రేక్షకుడు అతణ్ణి క్షమించకపోయినా ఫరవాలేదు, ఆ అడుగు అర్థమైతే చాలు. అదే విధంగా అధికారిణిని రెండో సినిమాలో దుర్మార్గురాలిగా మార్చేయకండి. అతడి కళ్ళకు ఆమె కఠినంగా కనిపించవచ్చు, ఆమె చేసే పనులు మాత్రం మొదటి సినిమాలో చేసినవే కావాలి.

ఈ విషయంలో నేను ఎప్పుడూ ప్రస్తావించే ఉదాహరణ క్లింట్ ఈస్ట్‌వుడ్ 2006లో తీసిన ‘ఫ్లాగ్స్ ఆఫ్ అవర్ ఫాదర్స్’, ‘లెటర్స్ ఫ్రమ్ ఇవో జిమా’. ఇవి థ్రిల్లర్లు కావు, 1945లో ఇవో జిమా ద్వీపంలో జరిగిన యుద్ధాన్ని అమెరికన్ల వైపు నుంచి ఒకటి, జపనీయుల వైపు నుంచి ఒకటి చెప్పిన చిత్రాలు. రెండింటికీ దర్శకుడు ఒక్కడే అయినా స్క్రీన్‌ప్లే రచయితలు వేరు. మొదటిది విలియం బ్రాయిల్స్ జూనియర్, పాల్ హ్యాగిస్ రాయగా, రెండోదాని స్క్రీన్‌ప్లే ఐరిస్ యమషిత రాశారు. రెండో సినిమా దాదాపు అంతా జపనీస్ భాషలోనే నడుస్తుంది. మొదటిది, ఆ ద్వీపంలో అమెరికన్ సైనికులు జెండా ఎగరేస్తున్న ప్రఖ్యాత ఛాయాచిత్రం ఆ సైనికుల జీవితాలను ఏం చేసిందని అడుగుతుంది. రెండోది గెలవడం అసాధ్యమని తెలిసీ కాపలా కాసేవాళ్ళు ఎలా చనిపోతారని అడుగుతుంది. ఒకదానికి మరొకటి జవాబు చెప్పడానికి ప్రయత్నించదు. మీకు వీలైతే, రెండు స్క్రిప్టులకు తొలి ప్రతులు ఇద్దరు రచయితల చేత, ఒకే నిజం పట్టిక ఆధారంగా, ఒకరి ప్రతి మరొకరికి చూపించకుండా రాయించండి. ఒకరే రాసినప్పుడు తెలియకుండానే ఒక పాత్ర పక్షం వహిస్తారు.

నిర్మాణం గురించి రచయితకు ఎందుకనుకోకండి, ఇక్కడ కథా నిర్మాణమూ సినిమా నిర్మాణమూ విడదీయరానివి. ఉమ్మడి సన్నివేశాలను రెండు సినిమాలకూ ఒకే షెడ్యూల్‌లో తీయాలి. ఏడాది తరువాత అదే నటుడి ముఖం, అదే ఇల్లు, అదే వెలుతురు దొరకవు. కంటిన్యుటీ, అంటే షాటుకూ షాటుకూ వివరాలు కలుస్తున్నాయా అన్నది, చూసే వ్యక్తికి రెండు స్క్రిప్టులూ, నిజం పట్టికా కంఠతా వచ్చి ఉండాలి. నటులతో ఒప్పందం మొదటి రోజే రెండు సినిమాలకని స్పష్టంగా రాసుకోవాలి. 1973లో వచ్చిన ‘ది త్రీ మస్కెటీర్స్’ కోసం తీసిన దాన్ని రెండుగా విడదీసి, రెండో భాగాన్ని 1974లో ‘ది ఫోర్ మస్కెటీర్స్’గా విడుదల చేసినప్పుడు, ఒక్క సినిమాకే పారితోషికం తీసుకున్న నటులు న్యాయపోరాటానికి దిగారు. ఒక చిత్రీకరణతో ఎన్ని సినిమాలు తీస్తున్నారో ముందే చెప్పాలనే నిబంధన హాలీవుడ్ నటుల ఒప్పందాల్లోకి ఆ తరువాతే వచ్చింది, దాన్ని ఆ నిర్మాతల పేరుతోనే సాల్కైండ్ నిబంధన అంటారు.

ఒప్పందంలో ఇంకొక అంశం కూడా చేర్చమని మీకు గట్టిగా చెబుతాను. రెండు సినిమాలను కలిపి ఒకటిగా కత్తిరించే హక్కు ఎవరికి ఉందో తేల్చుకోండి. పైన చెప్పిన బెన్సన్ చిత్రాలకు రెండింటినీ కలిపిన మూడో రూపం తయారై, 2014లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శితమై, థియేటర్లకు ముందుగా అదే వచ్చింది. విడి చిత్రాలు ఆ తరువాత వచ్చాయి. వ్యాపారపరంగా అలాంటి కోరిక రావడం సహజం. ఒకే కథకు రెండుసార్లు టికెట్టు కొనమని ప్రేక్షకుణ్ణి ఒప్పించడం కష్టమని పంపిణీదారులు భయపడతారు. కానీ మీ కథ బలమంతా ఒక దృక్కోణంలో ప్రేక్షకుణ్ణి రెండు గంటలు బంధించి ఉంచడంలోనే ఉంటే, కలిపిన మరుక్షణం అది సడలిపోతుంది.

ఎడిటింగ్‌లో కూడా, రెండో సినిమా రఫ్ కట్ (తొలి కూర్పు) చూడకుండా మొదటి సినిమాను ఖరారు చేయకండి. రెండో సినిమాలో ఒక చూపు పండాలంటే మొదటి సినిమాలో అది అర సెకను ఎక్కువసేపు ఉండాలని మీకు అప్పుడే తెలుస్తుంది.

చివరిగా మీ మూడో ప్రశ్న. ఏ క్రమంలో చూసినా అర్థమయ్యే జంట కొత్తేమీ కాదు. ఫ్రెంచి దర్శకుడు ఆంద్రే కయాత్ ఒక వివాహం కథను భర్త వైపు నుంచి ఒకటి, భార్య వైపు నుంచి ఒకటిగా 1964లోనే రెండు సినిమాలు చేశాడు. థ్రిల్లర్‌లో అది మరింత కష్టం, ఎందుకంటే ఒక సినిమాలోని రహస్యం మరొక సినిమాలో మొదటి సీనుకే బయటపడి ఉంటుంది. ఏ క్రమంలో చూసినా అర్థం కావాలన్నది సరైన లక్ష్యమే; ఏ క్రమంలో చూసినా ఒకే అనుభవం కలగాలని మాత్రం ఆశించకండి. మీరు ఉద్దేశించిన క్రమం ఒకటి ఉండాలి, దాన్ని దాచనక్కర్లేదు.

దీన్ని స్క్రిప్టు దశలోనే పరీక్షించవచ్చు. కథ తెలియని పాఠకులను మూడు బృందాలుగా తీసుకోండి. ఒక బృందం అధికారిణి స్క్రిప్టు ముందు, అతడిది తరువాత చదువుతుంది. రెండో బృందం తిరగవేసి చదువుతుంది. మూడో బృందానికి అతడి స్క్రిప్టు మాత్రమే ఇవ్వండి, జంట ఉందన్న సంగతే చెప్పకండి. చదివాక బాగుందా అని అడగవద్దు. ఎక్కడ పేజీలు వేగంగా తిప్పేశారో గుర్తు పెట్టమనండి. మొదటి బృందం రెండో స్క్రిప్టులో తిప్పేసిన పేజీలు మీ పునరుక్తులు, వాటిని కత్తిరించండి. మూడో బృందానికి అర్థం కాని పేజీలు, రెండో స్క్రిప్టు మొదటిదాని మీద ఆధారపడిపోయిన చోట్లు; అక్కడ ఒక వాక్యమో ఒక వస్తువో చేర్చి దాన్ని సొంత కాళ్ళ మీద నిలబెట్టండి. రెండో బృందం అధికారిణి స్క్రిప్టును మధ్యలోనే వదిలేస్తే, మీరు చేయగలిగిందేమీ లేదు, కంగారు పడకండి. విడుదల క్రమం గట్టిగా పట్టుకోవాలని మాత్రం దానివల్ల తెలుస్తుంది. మూడో బృందమే స్క్రిప్టును సగంలో పక్కన పెట్టేస్తే, షూటింగ్ తేదీలు ఎంత దగ్గరపడ్డా సరే ఆపేసి, రెండో సినిమా అడిగే ప్రశ్న ఏమిటన్న దగ్గరికి తిరిగి వెళ్ళండి.